ప్లేస్టేషన్ అద్దెకు తెచ్చుకునేవారు చూసుకోవలసినవి

టీవీకి తగిలించి ఆటలు ఆడుకునే యంత్రం (గేమ్ కన్సోల్) ప్లేస్టేషన్ 5 (పీఎస్5)ను సొంతంగా కొనలేనివారికి, సెలవుల్లో నాలుగు రోజులు ఆడుకుంటే చాలనుకునేవారికి, హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లోని గేమింగ్ పార్లర్లు, అద్దె దుకాణాలు ఎంతో ఉపయోగపడుతున్నాయి. ముందు పార్లర్‌లో ఒక గంట ఆడి, పిల్లలకు ఏ ఆట నచ్చిందో, అక్కడి సామాను ఏ స్థితిలో ఉందో గమనించాకే ఇంటికి తెచ్చుకోవడం మేలు.

అద్దె మాట్లాడేటప్పుడు రోజంటే 24 గంటలా, లేక దుకాణం మూసే వేళ వరకా అన్నది ముందే తేల్చుకోవాలి. అసలు ఆధార్ కార్డును అక్కడ వదిలి రాకూడదు. చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రతిపై ‘గేమ్ కన్సోల్ అద్దె కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి ఇవ్వాలి. డిపాజిట్ రసీదులో కన్సోల్ సీరియల్ నంబరు ఉండాలని పట్టుబట్టాలి.

జాగ్రత్త అన్నిటికన్నా ఎక్కువగా అవసరమయ్యేది ఆటల విషయంలోనే. కొందరు దుకాణదారులు డిస్కులకు బదులు, తమ అకౌంట్‌తో కొన్న డిజిటల్ ఆటలను నింపి ఇస్తారు. ఒకరు కొన్న ఆటలను ఆ యంత్రంలో ఇతరులూ ఆడుకోనిచ్చే ‘కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే’ సదుపాయం ఒక అకౌంట్‌కు ఒక్క పీఎస్5లోనే పనిచేస్తుంది కనుక, వారు దాన్ని మరో యంత్రంలో ఆన్ చేస్తే మీ ఇంట్లో ఆటపై తాళం గుర్తు పడుతుంది. అందుకే దుకాణంలోనే ఇంటర్నెట్ ఆపి, కొత్త యూజర్‌తో ఆటను తెరిచి చూడాలి. నన్నడిగితే డిస్కు తీసుకోవడమే నిశ్చింత. అయితే డిస్కు పెట్టే చోటు లేకుండా వచ్చే డిజిటల్ ఎడిషన్ పీఎస్5కు డిస్క్ డ్రైవ్ విడిగా అమర్చి ఉంటే తప్ప డిస్కు పనికిరాదు. పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ పీఎస్5లో ఆడతాయి కానీ, పీఎస్4 కంట్రోలర్‌తో పీఎస్5 ఆటలు ఆడలేము. కాబట్టి రెండో కంట్రోలర్‌గా ఏది ఇస్తున్నారో తప్పక చూడండి. స్టిక్‌ను ముట్టుకోకపోయినా తెరపై బొమ్మ కదులుతుంటే ఆ కంట్రోలర్‌ను అక్కడే మార్పించుకోవాలి. ఆట అప్‌డేట్లు చాలా పెద్దవిగా ఉంటాయి కాబట్టి, వాటిని దుకాణంలోనే ఎక్కించి ఇమ్మని ముందురోజే అడగడం మంచిది.

అద్దె యంత్రంలో బ్యాంకు కార్డు వివరాలు ఎన్నడూ నమోదు చేయకండి. పీఎస్5 ఆటల సేవ్‌లను, అంటే ఆటలో మీరు ఎంతవరకు వచ్చారో దాచుకున్న ఫైళ్లను, పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునే వీలు లేదు. ప్లేస్టేషన్ వారి చందా సేవ పీఎస్ ప్లస్ ఉంటే క్లౌడ్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఆ పని ముగిశాక మీ యూజర్‌ను కన్సోల్ నుంచి తొలగించి, తీగలతో సహా అన్నీ దుకాణదారు ఎదుటే తనిఖీ చేయించి, డిపాజిట్ అప్పుడే వెనక్కి తీసుకోవాలి.