పాప ఓసీఐకి ముందు మీ ఇంటిపేరు చూసుకోండి

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్. "అన్నా, ఒక్క ఖాళీ కోసం పాప ఓసీఐ అప్లికేషన్ తిప్పి పంపారు." ఓసీఐ అంటే వేరే దేశపు పౌరసత్వం ఉన్న మన సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు. వాడి పాస్‌పోర్టులో సత్యనారాయణ ఒకే మాట. పాప బర్త్ సర్టిఫికెట్లో సత్య వేరు, నారాయణ వేరు. నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ల కిందట నేను చేసింది ఇంతకన్నా ఘోరం.

అమ్మాయి పుట్టిన మర్నాడు పొద్దున్నే హాస్పిటల్లో ఒకావిడ ఫారం తెచ్చి చేతిలో పెట్టింది. రాత్రంతా నిద్ర లేదు. ఊళ్లో రాసే అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు రాసి సంతకం పెట్టేశా. అమెరికాలో చివర ఉన్నదే ఇంటిపేరు. అంతే, రికార్డులో మా అమ్మాయి తండ్రి ఇంకెవరో అయ్యాడు. దిద్దించుకునేసరికి నాలుగు నెలలు.

అందుకే చెబుతున్నా. ఆ ఫారం వచ్చినప్పుడు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం దింపండి. మీకు నోటికొచ్చిన పేరే కదా అని రాయకండి! పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలీదు) అని పడినవాళ్లు మన వైపు బోలెడుమంది. బిడ్డ పుట్టకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. భార్యాభర్తలిద్దరిదీ చూసుకోండి. పెళ్లి సర్టిఫికెట్లో పేర్లు కూడా.

ఫోటో కొలతలు, ఫీజు సైట్లో ఉంటాయి, చదువుకోండి. పసిపిల్ల వేలిముద్ర మాత్రం నిద్రలో ఉండగా వేయించండి. మెలకువగా ఉంటే ఆ గుప్పిట తెరవదు, ఇంకు మీ చొక్కాకే.

ఓసీఐ వస్తే డ్యూయల్ సిటిజన్‌షిప్ వచ్చినట్టే అనేవాళ్లకు ఒక దండం. 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదటి కార్డులిచ్చిన రోజు నుంచీ అది జీవితకాలపు వీసా లాంటిదే. ఓటు లేదు. పొలం కొనడానికి లేదు, తాతగారి పొలం వారసత్వంగా వస్తే వేరే సంగతి. అసలు డ్యూయల్ కోసం తిరిగినవాడు మా ఆఫీసులో ఇటలీ మూలాలున్నాయన. ముత్తాత పుట్టిన ఊరి మున్సిపాలిటీ నుంచి కాగితం తెప్పించాడు. తీరా చూస్తే ముత్తాత అక్కడ జుసెప్పె, ఇక్కడ జోసెఫ్. అది తేల్చుకునేలోపే 2025లో వాళ్ల చట్టం మారి, పూర్వీకుల పేరు మీద పౌరసత్వం అడగడానికి తాతల తరం దగ్గరే గీత గీసింది. పేరు గొడవ మనకొక్కరికే కాదన్నమాట.

సరే, మరీ బెంగపడకండి. చిన్న తేడాలకు నోటరీ చేయించిన అఫిడవిట్‌తో పని జరిగిన సందర్భాలున్నాయి. మా తమ్ముడు ఇప్పుడు ఆ ప్రయత్నంలోనే ఉన్నాడు. ఈలోపు ఊరికి వెళ్లాల్సి వస్తే పాప అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసా పెట్టుకోవచ్చు. దానికి ఓసీఐ అక్కర్లేదు. నాకప్పుడు ఈ ముక్క తెలీదు. కార్డు వచ్చాకే బయల్దేరదామని కూర్చున్నాను. మేం వెళ్లేసరికి తాతయ్య ఫోటోకి దండ వేసి ఉంది.