అమెరికా మహిళా కళాశాలల ప్రవేశ గణాంకాలను ఎలా చదవాలి?

అమ్మాయిని ఇంటర్మీడియట్ తర్వాత అమెరికాలో డిగ్రీకి పంపాలనుకునే తల్లిదండ్రులకు మసాచుసెట్స్‌లోని వెల్‌స్లీ, స్మిత్, మౌంట్ హోల్యోక్, న్యూయార్క్‌లోని బర్నార్డ్, పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ వంటి మహిళా లిబరల్ ఆర్ట్స్ కళాశాలల పేర్లు వినగానే కలిగే మొదటి సందేహం ఒకటే: ఎంత స్కోరు వస్తే సీటు వస్తుంది? ఈఏపీసెట్‌లో గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసి ఆప్షన్లు పెట్టుకునే అలవాటు మనది కనుక ఆ సందేహం సహజమే. కానీ ఈ కళాశాలల్లో చివరి ర్యాంకు అనేదే ఉండదు. ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరికి ప్రవేశం దక్కింది, ఎందరు చేరారు, చేరినవారిలో ఎందరికి ఎంత ఆర్థిక సాయం అందింది అన్న లెక్కలు మాత్రమే ఉంటాయి. అవి అప్పటికే చేరిపోయిన వారి గురించి చెబుతాయి. మీ అమ్మాయికి ఉన్న అవకాశం ఎంతో తెలియాలంటే ఆ అంకెలతో కొంత కూడిక, తీసివేత మీరే చేసుకోవలసి ఉంటుంది.

ముందు అసలు పత్రాన్ని తెచ్చుకోండి

కన్సల్టెన్సీ కరపత్రంలోనో ర్యాంకింగ్ జాబితాలోనో కనిపించే ఒక్క శాతంతో పని మొదలుపెట్టవద్దు. అమెరికా కళాశాలలు చాలావరకు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రాన్ని ప్రకటిస్తాయి. కాలేజ్ బోర్డ్, పీటర్సన్స్, యూఎస్ న్యూస్ సంస్థలు విద్యాసంస్థలతో కలిసి రూపొందించిన నమూనా అది. అందరూ ఒకే ప్రశ్నలకు ఒకే వరుసలో జవాబులు ఇస్తారు కనుక రెండు కళాశాలలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఎ నుంచి జె వరకు ఉన్న పది విభాగాల్లో మనకు ముఖ్యంగా కావలసినవి మూడే: నమోదు వివరాలున్న బి, మొదటి సంవత్సరం ప్రవేశాలున్న సి, ఆర్థిక సాయం వివరాలున్న హెచ్. కళాశాల పేరు పక్కన కామన్ డేటా సెట్ అని చేర్చి వెతికితే ఆ కళాశాల గణాంక విభాగం పేజీ దొరుకుతుంది. అక్కడి నుంచి కనీసం నాలుగేళ్ల పత్రాలు దించుకోండి. పత్రం దొరకని పక్షంలో ప్రభుత్వ సైటు కాలేజ్ నావిగేటర్‌లో ప్రధానమైన అంకెలు ఉంటాయి, ఎందుకంటే ఫెడరల్ విద్యార్థి సాయంలో పాల్గొనే ప్రతి కళాశాలా ఆ వివరాలను ప్రభుత్వానికి ఇచ్చి తీరాలి.

పత్రం మీది సంవత్సరాన్ని జాగ్రత్తగా చూడండి. 2024–25 పత్రంలో ఉన్నది 2024 శరత్కాలంలో చేరినవారి లెక్క. వారు దరఖాస్తు చేసింది 2023 చివర్లోనూ 2024 మొదట్లోనూ. అంటే మీ చేతిలో ఎంత తాజా పత్రం ఉన్నా అది మీ అమ్మాయి దరఖాస్తు కన్నా ఒకటి రెండేళ్లు పాతదే అయి ఉంటుంది.

ప్రవేశ శాతాన్ని మీరే లెక్క కట్టండి

సి1 పట్టికలో మూడు అంకెలుంటాయి: దరఖాస్తులు, ప్రవేశాలు, చేరికలు. ప్రవేశాలను దరఖాస్తులతో భాగిస్తే ప్రవేశ శాతం, చేరికలను ప్రవేశాలతో భాగిస్తే యీల్డ్ వస్తాయి. సగంలో వదిలేసిన దరఖాస్తులు ఈ లెక్కలోకి రావు. వెయిట్‌లిస్ట్ నుంచి తర్వాత పిలుపు అందుకున్నవారు మాత్రం ప్రవేశాల్లో కలుస్తారు. మహిళా కళాశాల అయినందున పురుషుల గడి ఖాళీగానో దాదాపు ఖాళీగానో ఉంటుంది. చదువులో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ 9 చట్టం ప్రైవేటు కళాశాలల డిగ్రీ ప్రవేశాలకు మినహాయింపు ఇచ్చినందువల్లే మహిళలకే ప్రవేశమన్న విధానం చట్టబద్ధంగా నిలిచింది. 2014, 2015 సంవత్సరాల్లో ఈ కళాశాలలు ట్రాన్స్‌జెండర్ అభ్యర్థుల విషయంలో వేర్వేరు విధానాలు ప్రకటించాయి కనుక, లింగం వారీ గడుల్లో చిన్న అంకెలు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోనక్కర్లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సహవిద్య ఉన్న ఆమ్హర్స్ట్, విలియమ్స్ వంటి కళాశాలల ప్రవేశ శాతంతో వెల్‌స్లీ శాతాన్ని పోల్చి, ఇక్కడ శాతం ఎక్కువ కనుక ప్రవేశం తేలిక అని తేల్చేస్తారు. దరఖాస్తుదారుల్లో ఒక సగం, అంటే అబ్బాయిలు, ఈ వరుసలో అసలు నిలబడరు. అమ్మాయిల్లోనూ మహిళా కళాశాలలో చదవాలని కోరుకునేవారే వస్తారు. ఇలా తమంతట తాము వచ్చే చిన్న బృందం నుంచి ఎంపిక చేసినప్పుడు, చేరినవారి చదువు స్థాయి సహవిద్యా కళాశాలకు ఏమాత్రం తీసిపోకపోయినా, ప్రవేశ శాతం పెద్దదిగా కనిపిస్తుంది. బర్నార్డ్ సంగతి వేరు. కొలంబియా విశ్వవిద్యాలయంతో అనుబంధం, న్యూయార్క్ నగరం తోడై ఇటీవలి సంవత్సరాల్లో అక్కడి ప్రవేశ శాతం పది లోపుకు దిగింది. అయినా బర్నార్డ్ ప్రవేశాలు బర్నార్డ్‌వే గనుక ఆ లెక్కను కొలంబియా లెక్కతో కలపవద్దు.

ఎర్లీ డెసిషన్‌ను విడదీయండి

ఎర్లీ డెసిషన్ అంటే ప్రవేశం ఇస్తే తప్పక చేరతానని ముందే ఒప్పుకొని ఒకే కళాశాలకు పెట్టే దరఖాస్తు. ఆ సంఖ్యలు సి21లో ఉంటాయి. మొత్తం నుంచి వాటిని తీసివేయకుండా చూసే శాతం మామూలు దరఖాస్తుదారును తప్పుదారి పట్టిస్తుంది. లెక్క కోసం ఊహించుకున్న అంకెలతో ఒకసారి చేసి చూద్దాం. ఒక కళాశాలకు 8,000 దరఖాస్తులు వచ్చాయి, 1,200 మందికి ప్రవేశం లభించింది, 600 మంది చేరారు. పైకి కనిపించే శాతం 15. వాటిలో ఎర్లీ డెసిషన్ దరఖాస్తులు 1,000, ప్రవేశాలు 300 అనుకుంటే అక్కడి శాతం 30. మిగిలిన 7,000 మందిలో ప్రవేశం దక్కింది 900 మందికి, అంటే 13 శాతం లోపే. యీల్డ్ కూడా అంతే: పైకి 50 శాతం కనిపిస్తుంది కానీ, ఎర్లీ డెసిషన్‌లో వచ్చిన 300 మంది ఎలాగూ చేరతారు గనుక, మిగిలిన 900 మందిలో చేరింది 300 మంది, అంటే మూడోవంతు.

30కి 13కి మధ్య తేడా చూసి వెంటనే ఎర్లీ డెసిషన్‌కు పరుగెత్తవలసిన పని లేదు. ఆ ముందస్తు బృందంలో క్రీడా శిక్షకులు ముందే ఎంచుకున్నవారు, కళాశాలతో పాత అనుబంధం ఉన్న కుటుంబాల వారు ఉంటారు కనుక ఆ శాతం మీ అమ్మాయికి యథాతథంగా వర్తించదు. ఆర్థిక సాయం తప్పనిసరి అయిన కుటుంబానికి ఇందులో మరో చిక్కు ఉంది: ఇతర కళాశాలలు ఎంత ఇస్తాయో పోల్చి చూసుకునే వీలు పోతుంది.

సాట్ స్కోర్లను కటాఫ్‌లా చదవవద్దు

సాట్ అంటే అమెరికా డిగ్రీ ప్రవేశాల కోసం రాసే పరీక్ష. సి9 పట్టికలో 25, 50, 75 పర్సంటైళ్ల దగ్గర సాట్ స్కోర్లు ఉంటాయి. 25వ పర్సంటైల్ దగ్గర 1430 అని ఉంటే అది కనీస స్కోరు కాదు. స్కోరు సమర్పించి చేరినవారిలో సుమారు నాలుగోవంతు మంది అంతకు మించలేదన్నమాట. జేఈఈ మెయిన్ పర్సంటైల్‌తో దీన్ని కలపకండి. అక్కడి పర్సంటైల్ పరీక్ష రాసిన అందరి మధ్య మీ స్థానాన్ని చెబుతుంది, ఇక్కడిది చేరిన కొద్దిమంది లోపలి అమరికను చెబుతుంది.

ఆ అంకెల పక్కనే, ఎంత శాతం మంది స్కోరు సమర్పించారో కూడా ఉంటుంది. అసలు చూడవలసింది దాన్నే. మౌంట్ హోల్యోక్ 2001లోనే పరీక్ష స్కోర్లను ఐచ్ఛికం చేసింది. స్మిత్ కూడా కోవిడ్‌కు చాలా ముందే ఆ దారి పట్టింది. ఐచ్ఛికం అయిన చోట తక్కువ స్కోరు వచ్చినవారు దాన్ని చూపించరు కనుక పట్టికలోని స్కోర్లు పైకి జరుగుతాయి. చేరినవారిలో మూడోవంతు మందే స్కోరు ఇచ్చి ఉంటే, ఆ పట్టిక మిగిలిన రెండు వంతుల గురించి ఏమీ చెప్పడం లేదు.

తరగతి ర్యాంకు పట్టిక సి10ను మన విద్యార్థులు దాటేయవచ్చు. సి7ను మాత్రం నిదానంగా చదవండి. సబ్జెక్టుల కఠినత్వం, మార్కులు, వ్యాసం, ఉపాధ్యాయుల సిఫార్సు లేఖలు, అభ్యర్థి చూపిన ఆసక్తి వంటి ఒక్కో అంశాన్ని కళాశాల చాలా ముఖ్యం, ముఖ్యం, పరిశీలిస్తాం, పరిశీలించం అనే నాలుగు గడుల్లో ఒకదానిలో గుర్తిస్తుంది. ఆసక్తి పరిశీలిస్తామని గుర్తు పెట్టిన చోట ఆన్‌లైన్ సమాచార సమావేశాలకు హాజరు కావడం వృథా కాదు.

విదేశీ విద్యార్థి లెక్కను వేరు చేయండి

తెలుగు కుటుంబాలకు అన్నిటికన్నా పనికివచ్చేది ఇదే అయినా ఇక్కడిదాకా వచ్చి చదివేవారు తక్కువ. వెల్‌స్లీ, బర్నార్డ్ వంటివి అమెరికా పౌరుల, శాశ్వత నివాసుల విషయంలో నీడ్ బ్లైండ్, అంటే సాయం అడిగారా లేదా అన్నది ప్రవేశ నిర్ణయంలో చూడవు. విదేశీ అభ్యర్థుల విషయంలో మాత్రం నీడ్ అవేర్, అంటే చూస్తాయి. ప్రవేశం ఇచ్చిన విద్యార్థినికి తన లెక్క ప్రకారం తేలిన అవసరం మొత్తాన్నీ తీర్చడం వెల్‌స్లీ విధానం. కనుకనే సాయం కోరే విదేశీ అభ్యర్థులను ఎంతమందిని తీసుకోవాలన్న దానికి హద్దు పడుతుంది. దీని అర్థం, పైన కట్టిన 15 శాతమో 13 శాతమో హైదరాబాద్ నుంచి సాయం కోరుతూ దరఖాస్తు చేసే అమ్మాయికి వర్తించదు. ఆమె శాతం అంతకన్నా తక్కువే ఉంటుందని అనుకొని ప్రణాళిక వేసుకోవడం మంచిది.

అమెరికాలోనే పెరిగిన పిల్లల విషయంలోనూ ఈ విభజన ముఖ్యం. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో హైస్కూలు చదివినా, తండ్రి హెచ్-1బి మీద ఉండి అమ్మాయి హెచ్-4 వీసాలో ఉంటే, విద్యార్థులను జాతి వారీగా లెక్కించే బి2 పట్టికలో ఆమె నాన్‌రెసిడెంట్ వరుసలోకి వెళుతుంది. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న ఆమె స్నేహితురాలు ఆసియన్ వరుసలోకి వెళుతుంది. సాయం నియమాలు కూడా తరచుగా ఇదే గీతను అనుసరిస్తాయి కనుక హెచ్-4 కుటుంబాలు కళాశాల విధానాన్ని ముందే చదువుకోవాలి.

ఇప్పుడు లెక్క. ఇటీవలి పత్రాల్లో సి1 కింద నివాసాన్ని బట్టి విడదీసే పట్టిక ఉంటుంది. కళాశాల దాన్ని నింపితే విదేశీ దరఖాస్తులు, ప్రవేశాలు విడిగా దొరుకుతాయి. తర్వాత హెచ్6కు వెళ్లండి. కళాశాల నుంచి సాయం పొందిన నాన్‌రెసిడెంట్ డిగ్రీ విద్యార్థుల సంఖ్య, సగటు మొత్తం అక్కడ ఉంటాయి. ఆ సంఖ్యను బి2లోని నాన్‌రెసిడెంట్ల మొత్తంతో భాగించండి. సగం దాటితే ఆ కళాశాల విదేశీ విద్యార్థుల మీద నిజంగా డబ్బు పెడుతోందని, పదోవంతు దగ్గరే ఆగితే ప్రధానంగా ఫీజు కట్టగలిగినవారినే తీసుకుంటోందని అనుకోవచ్చు. ఈ సంఖ్యలో నాలుగు సంవత్సరాల విద్యార్థులూ ఉన్నారు కనుక, కొత్తగా చేరేవారిలో ఏటా ఎందరికి సాయం అందుతోందో తెలుసుకోవడానికి దాన్ని నాలుగుతో భాగించండి. వచ్చిన అంకె చిన్నదైతే ఆశ్చర్యపడవద్దు. సగటు మొత్తాన్ని జి విభాగంలోని ఏడాది ఖర్చు పక్కన పెడితే మీ చేతి నుంచి పడేది ఎంతో సుమారుగా తెలుస్తుంది.

నమోదు అంకెల్లో కలిసిపోయేవి

మొత్తం విద్యార్థుల సంఖ్య చూసేటప్పుడు డిగ్రీ వారినే లెక్కపెట్టండి. వెల్‌స్లీలో ఉన్నది డిగ్రీ చదువే, విద్యార్థినులు సుమారు 2,400 మంది. స్మిత్, బ్రిన్ మార్‌లలో పురుషులకూ ప్రవేశం ఉన్న పీజీ విభాగాలున్నాయి కనుక సంస్థ మొత్తం లెక్క మహిళా కళాశాల లెక్క కాదు. స్మిత్‌లోని ఎడా కామ్‌స్టాక్, వెల్‌స్లీలోని డేవిస్ స్కాలర్ల వంటి పథకాల కింద పెద్ద వయసులో చదువుకు తిరిగివచ్చేవారు నమోదులో కనిపిస్తారు కానీ మొదటి సంవత్సరం ప్రవేశాల్లో కనిపించరు.

సి2లోని వెయిట్‌లిస్ట్ సంఖ్యలు ఒక ఏడాది పదుల్లో ఉండి మరుసటి ఏడాది సున్నాకు పడిపోవచ్చు కనుక, ఒక్క సంవత్సరాన్ని చూసి ఆశ పెట్టుకోవడం గాని వదులుకోవడం గాని తగదు.

మిగిలినది అడిగి తెలుసుకోండి

సాయం కోరిన విదేశీ అభ్యర్థుల్లో ఎందరికి ప్రవేశం దక్కిందన్న అంకెకు ఈ పత్రంలో గడి లేదు. అడ్మిషన్ కార్యాలయానికి ఈమెయిల్ రాసి అడగండి. అదీ అమ్మాయి చేతనే రాయించండి, అక్కడ ఉత్తరప్రత్యుత్తరాలు విద్యార్థితోనే జరగడం పద్ధతి. మూడు సంగతులు అడిగితే చాలు: విదేశీ విద్యార్థులకు ఏటా కొత్తగా సుమారు ఎన్ని సాయాలు ఇస్తారు, హెచ్-4 వీసాలో ఉన్నవారిని ఏ వర్గంలో చూస్తారు (ఇది ఆ వీసాలో ఉన్నవారికే), మొదటి ఏడాది సాయం అడగకుండా చేరితే తర్వాత అడగవచ్చా. మూడో ప్రశ్నకు చాలాచోట్ల వచ్చే జవాబు కుదరదనే. అందుకే ముందు సీటు తెచ్చుకొని తర్వాత సాయం సంగతి చూద్దామనుకునే కుటుంబాలు, దరఖాస్తు ఫారంలో సాయం కావాలా అన్న గడి దగ్గర గుర్తు పెట్టే ముందే నాలుగేళ్ల ఖర్చు కట్టి చూసుకోవాలి.