పడుకుని లేచినా అలసట పోవట్లేదా? తేడా ఎక్కడుందో చూద్దాం

సమస్య: 8 గంటలు పడుకున్నా పొద్దున్నే ఒళ్ళు బరువుగా ఉంటోంది.

ముందు రక్తపరీక్ష చేయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం కూడా అచ్చం ఇలాగే ఉంటాయి, వాటికి సెలవు పెట్టి పడుకుంటే లాభం లేదు. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయంటే అప్పుడు పని వైపు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కి, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడానికి, 3 గుర్తులు చెప్పింది: సత్తువ అయిపోవడం, పనంటే విరక్తో వెటకారమో పుట్టడం, ఎంత చేసినా సరిగ్గా చెయ్యట్లేదనిపించడం. దాన్ని జబ్బు అనలేదు, పనిచోట టెన్షన్ ఏళ్ళూ నెలలూ అలా పేరుకుపోతే వచ్చే స్థితి అంది. అంటే మీరు బద్ధకస్తులని కాదు.

సమస్య: ఆదివారమంతా ఖాళీయే, సోమవారానికి మళ్ళీ అదే నీరసం.

ఒళ్ళు మంచం మీద, బుర్ర ఆఫీసు గ్రూపులో ఉంటే అది విశ్రాంతి ఎలా అవుతుంది? ఆ గ్రూపుని మ్యూట్ చేసి, అర్జెంటయితే ఫోన్ చెయ్యమని ముందే చెప్పండి. నిజంగా ఫోన్ చేసేది ఎంత తక్కువమందో చూసి నాకే నవ్వొచ్చింది. ఇంకోటి, రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఇంకాస్త పడుకోవడం కంటే అరగంట నడకే ఎక్కువ తేలికనిస్తుంది.

సమస్య: నిద్ర ముంచుకొస్తున్నా ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాదు.

ఇది ఫోన్ పిచ్చి కాదు. పగలంతా మీకంటూ పావుగంట దొరక్క, దాన్ని నిద్రలోంచి దొంగిలిస్తున్నారు. ఫోన్ వేరే గదిలో పెట్టమని అందరూ చెప్తారు, నేనూ పెట్టా, 3 రోజులకి మళ్ళీ దిండు కిందకి చేరింది. సాయంత్రం పని ముగిశాక ఇంటిపని మొదలుపెట్టేలోపు అరగంట నాకోసం ఉంచుకున్నాకే రాత్రిపూట ఫోన్ కోసం ఆ యావ తగ్గింది. సాయంత్రం కాఫీ కూడా మానెయ్యండి, అందులోని కెఫీన్ సగం దిగడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

సమస్య: ఇవన్నీ సరే, టైమేది?

పనులన్నీ అయ్యాక మిగిలిన టైమ్‌లో అనుకుంటే ఎప్పటికీ మిగలదు. ఈ వారం ఒక్క పని తీసెయ్యండి: వేరేవాళ్ళకి అప్పగించడమో, వాయిదా వెయ్యడమో, మొహమాటం లేకుండా కుదరదనడమో. ఇంట్లో పసిపిల్లలో మంచం పట్టిన పెద్దవాళ్ళో ఉంటే ఇది ఒంటరిగా అయ్యే పని కాదు, ఇంకొకరు వంతు తీసుకోవాల్సిందే.

ఇదంతా చేసినా 2 వారాలకి పైగా దిగులుగానే ఉండి, ఇష్టమైనవాటి మీదా మనసు పోకపోతే డిప్రెషన్ కావచ్చు, డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం 2 వారాలు ఆగొద్దు, ఈరోజే.