టైరులో గాలి కొద్దికొద్దిగా దిగిపోతోందా? లీకు ఎక్కడుందో పట్టుకోవడం ఇలా

వారానికి ఒకసారి పెట్రోలు బంకులో ఆగి, అదే టైరుకు మళ్ళీ మళ్ళీ గాలి కొట్టించుకుని వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గాలి పోతోందని వాళ్ళకు తెలుసు. ఎక్కడినుంచి పోతోందో మాత్రం చూడరు. ఇంకొందరు పంక్చర్ షాపుకు వెళ్తారు. అక్కడ టైరును ఒక్క చుట్టు తిప్పి, మొదట కంటికి కనిపించిన మేకును పీకి, పంక్చర్ వేసి పంపేస్తారు. పది రోజులకు టైరు మళ్ళీ మెత్తబడుతుంది. లీకు ఆ మేకు దగ్గర లేనే లేదు మరి!

గాలి తగ్గిన టైరు తిరిగేటప్పుడు పక్కభాగాలు ఎక్కువగా వంగుతూ లేస్తూ వేడెక్కుతాయి. మే నెల ఎండలో, నిండా మనుషులతో, హైవే మీద వంద వేగంతో వెళ్తున్న కారుకు ఆ వేడి ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఇప్పుడు కొన్ని కార్లు స్టెప్నీ లేకుండానే వస్తున్నాయి. 2020లో మోటారు వాహనాల నిబంధనలు సవరించాక, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్టు, గాలి ఒత్తిడి చూపే సెన్సార్లు ఉన్న కారుకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అలాంటి కారు ఉన్నవాళ్ళు చిన్న లీకును అసలు వదిలేయకూడదు.

ముందు అది లీకేనా?

ఇది తేల్చుకోకుండా జాకీ బయటికి తీయకండి. లీకు లేని టైరులో కూడా గాలి రబ్బరు గుండా నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. నెలకు 1 లేదా 2 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గడం సహజం. వాతావరణం పది డిగ్రీలు చల్లబడితే ఇంకో ఒకటిన్నర తగ్గుతుంది. సంక్రాంతి ముందు చలికి నాలుగు టైర్లూ ఒకేలా తగ్గితే అది చలి ప్రభావమే. చికాగో, డెట్రాయిట్ వైపు ఉండే మనవాళ్ళకు మొదటి మంచు పడిన రోజు డ్యాష్‌బోర్డు మీద టైరు గుర్తు వెలగడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

పొద్దున్నే, కారు తీయకముందు, నాలుగు టైర్ల గాలీ కొలిచి కాగితం మీద రాసుకోండి. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్న అంకె దాకా నింపండి. నాలుగో రోజు పొద్దున్న మళ్ళీ కొలవండి. చీటీలో అంకె 33 అనుకుందాం. మూడు టైర్లు 33 దగ్గరే ఉండి ఒకటి 29కి వస్తే అదే మన దొంగ. రెండుసార్లూ ఒకే గేజీ (గాలి కొలిచే మీటరు) వాడాలి, అదీ మీ సొంతదై ఉండాలి. బంకులో మీటరు ఒక అంకె, పంక్చర్ షాపులో మీటరు ఇంకో అంకె చూపిస్తే దేన్ని నమ్ముతారు? కారు నడిపి వచ్చి కొలిచినా లెక్క తప్పుతుంది. వేడెక్కిన టైరు నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది.

కావలసినవి

గేజీ, చిన్న గాలి పంపు, జాకీ, వీల్ స్పానరు, రెండంగుళాల పెయింటు బ్రష్షు, సుద్దముక్క, గోనెసంచి, వాల్వు లోపల గాలిని ఆపే పిన్నును విప్పే చిన్న పనిముట్టు. లీటరు నీళ్ళు, సబ్బు.

సబ్బు గురించి ఒక మాట. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చెంచాలు కలిపితే పని జరుగుతుంది. నేను మాత్రం వడకట్టిన కుంకుడు రసమే వాడతాను, మీరూ అదే వాడండి. దాని నురగ తొందరగా ఆరదు. డిటర్జెంటుల్లో చాలావాటిలో ఉప్పులుంటాయి. అవి అల్లాయ్ రిమ్ము అంచుల్లో మిగిలిపోవడం నాకు ఇష్టం ఉండదు. ఏది కలిపినా నెమ్మదిగా కలపండి. గిలకొట్టి నురగ తెప్పిస్తే, ఆ నురగలో లీకు బుడగ కనిపించదు.

చక్రం విప్పకముందు

గాలి 40 దాకా పెంచండి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ ఒత్తిడిని మాత్రం దాటకండి. కిలోపాస్కల్స్‌లో 300 అని ఉంటే దాదాపు 44 పీఎస్ఐ అని అర్థం.

మొదట వాల్వు. మూత తీసి, వాల్వు రంధ్రంలో రసం నాలుగు చుక్కలు వేసి నిమిషం ఆగండి. ఉమ్మితో చూసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. ఆ తడి రెండు క్షణాల్లో ఆరిపోతుంది, నెమ్మది లీకు అందులో తేలదు. బుడగ ఉబ్బితే పిన్ను వదులైందన్నమాట. దాన్ని పావు చుట్టు బిగించి మళ్ళీ చూడండి. బలంగా బిగిస్తే లోపలి చిన్న రబ్బరు నలిగి లీకు పెరుగుతుంది. తర్వాత వాల్వు మొదట్లో, రిమ్ములోకి దిగే చోట రసం పూసి, వాల్వును వేలితో అటూ ఇటూ వంచండి. రబ్బరు పాతబడితే అక్కడ సన్నటి పగుళ్ళు వస్తాయి. నిటారుగా ఉన్నప్పుడు మూసుకుపోయి, వంచినప్పుడు తెరుచుకుంటాయి. కొత్త టైర్లు వేయించుకునేటప్పుడు కొత్త వాల్వులు కూడా వేయమని అడగనివాళ్ళకు ఈ బాధ తప్పదు.

ఇక టైరు నేలను తాకే భాగం. బ్రష్షుతో చుట్టూ పూసి, కారును అరచుట్టు ముందుకు జరిపి మిగిలిన భాగానికీ పూయండి. మేకు కనిపిస్తే పీకకండి. ఈ ఒక్క మాట వింటే చాలు, సగం టైర్లు బతుకుతాయి. చాలా మేకులు రబ్బరు మందంలోనే ఆగిపోతాయి, లోపలి పొర దాకా పోవు. దాని చుట్టూ రసం పోసి రెండు నిమిషాలు చూడండి. బుడగ రాకపోతే సుద్దతో గుర్తు పెట్టి వదిలేయండి. లీకు లేని చోట మేకు పీకి, మొన కాస్త లోతుగా దిగి ఉంటే, లేని లీకును మీరే పుట్టించినట్టు.

అసలు పరీక్ష: బీడు

ఇక్కడిదాకా ఏమీ దొరకకపోతే చాలామంది ‘లీకు లేదు’ అని తేల్చేస్తారు. పంక్చర్ షాపుల్లో కూడా ఇంతే. నా అనుభవంలో ఏళ్ళ తరబడి దొరకని నెమ్మది లీకులు ఎక్కువగా ఉండేది బీడు దగ్గర, అంటే టైరు అంచు రిమ్మును పట్టుకుని కూర్చునే చోట. అదీ ఎక్కువసార్లు లోపలివైపు, మన కంటికి కనిపించని వైపు.

కారణం తుప్పు. ఇనుప రిమ్ముకు ఎర్ర తుప్పు పడుతుంది. అల్లాయ్ రిమ్ముకు తెల్లటి పొడి లాంటి పొర లేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం ఊళ్ళలో ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. ఆ పొర వెంట్రుకంత ఎత్తు లేచినా చాలు, రబ్బరు అంచు కింద గాలికి దారి దొరుకుతుంది.

షాపులో నీళ్ళ తొట్టి ఉంటుంది కదా, అందులో ముంచితే తెలియదా అని అడుగుతారు. పెద్ద రంధ్రం ఉంటే తెలుస్తుంది. చక్రాన్ని నిలబెట్టి ముంచితే ఒక్కసారికి కొంత భాగమే నీళ్ళలో ఉంటుంది. నెమ్మది లీకులో ఒక్క బుడగ పెరిగి పైకి తేలడానికే అర నిమిషం పట్టవచ్చు. అంతలో చక్రం రెండు చుట్లు తిరిగిపోతుంది. నీళ్ళు కదులుతుంటే రబ్బరుకు అంటుకున్న చిల్లర బుడగలు వంద కనిపిస్తాయి. వాటిలో అసలుదేదో ఎవరు చెప్పగలరు? అందుకే నేను తొట్టిని నమ్మను. చక్రాన్ని పడుకోబెట్టి చూడాలి.

చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, నట్లు నేల మీద ఉండగానే వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తి చక్రం విప్పండి. కారు కిందికి చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి.

చక్రాన్ని గోనెసంచి మీద పడుకోబెట్టండి, లోపలివైపు పైకి వచ్చేలా. ఇక తొందర వదిలేయండి. రిమ్ము అంచుకూ టైరుకూ మధ్య చుట్టూ ఒక గాడి ఉంటుంది. అందులో ఎండిన బురద, బ్రేకు దుమ్ము పేరుకుని ఉంటాయి. పొడి బ్రష్షుతో మొత్తం ఊడ్చేయాలి. బురద ఉన్న చోట గాలి బురదలోంచి పాకి ఇంకెక్కడో తేలుతుంది. మీరు చూసే చోటు ఒకటి, లీకు చోటు ఇంకొకటి అవుతుంది.

నీడలో పెట్టండి. గాలి వీచే చోట, ఫ్యాను కింద వద్దు, రసం ఆరిపోతుంది. గాడిలో రసాన్ని సన్నధారగా, కాలువకు నీరు కట్టినట్టు చుట్టూ పోయండి. పోయగానే బుడగలు లేస్తాయి. అవి గాడిలో చిక్కుకున్న గాలివే. ఇక్కడే చాలామంది ‘దొరికింది’ అని కేకపెడతారు. వాటిని వేలితో చెరిపేయండి. చెరిపిన క్షణం నుంచి గడియారం చూసి పది నిమిషాలు కూర్చోండి. చెరిపినా అదే చోట మళ్ళీ పుట్టేదే అసలైన బుడగ. చెరిపాక తిరిగి రానిది లీకు కాదు.

అది పెద్ద బుడగగా ఉంటుందనుకోకండి. ఆవగింజల్లాంటివి నాలుగైదు ఒకదాని పక్కన ఒకటి పుట్టి, చూస్తుండగా కలిసి తెల్లటి ముద్దగా మారతాయి. మా బావగారి కారులో ఎడమవైపు వెనక టైరు వారానికి 6 పీఎస్ఐ దిగేది. మూడు షాపుల్లో మూడు మేకులు పీకి, మూడు పంక్చర్లు వేశారు. ఇంటి ముందు వేపచెట్టు కింద చక్రం పడుకోబెట్టి రసం పోశాను. ఐదు నిమిషాలకే ఆయన “ఏమీ లేదోయ్, లే, కాఫీ తాగుదాం” అన్నారు. నేను లేవలేదు. ఎనిమిదో నిమిషంలో, బ్యాలెన్సింగ్ కోసం రిమ్ము అంచుకు కొట్టిన సీసం బిళ్ళ పక్కన, మల్లెమొగ్గంత నురగ లేచింది. చెరిపాను, మళ్ళీ లేచింది. బిళ్ళ కింద రంగు లేచిపోయి, ఆ తుప్పు బీడు దాకా పాకింది. ఆ మూడు పంక్చర్లూ అనవసరం.

నురగ లేచిన చోట టైరు మీద ఒక గీత, సరిగ్గా దానికెదురుగా రిమ్ము మీద ఒక గీత సుద్దతో గీయండి. ఇది మరిచిపోవద్దు. టైరు విప్పి శుభ్రం చేశాక మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ రెండు గీతలు ఎదురెదురుగా రాకుండా జరపమనండి. అయినా లీకు వస్తే, అది ఏ గీత దగ్గర వచ్చిందో చూడండి. రిమ్ము గీత దగ్గరైతే తప్పు రిమ్ముది, టైరు గీత దగ్గరైతే టైరుది.

40 దగ్గర ఏమీ కనిపించకపోతే గాలి 25కి తగ్గించి మళ్ళీ చూడండి. కొన్ని బీడు లీకులు ఎక్కువ ఒత్తిడికి రబ్బరు గట్టిగా నొక్కుకుని మూసుకుపోతాయి, తక్కువ ఒత్తిడిలోనే బయటపడతాయి. ఈ సంగతి తెలియక నేను ఒక కారుకు రెండుసార్లు ‘లీకు లేదు’ అని చెప్పాను.

లోపలివైపే పైకి ఉన్నప్పుడు రిమ్ము లోపలి గోడకు కూడా బ్రష్షుతో పూయండి. గుంతలో గట్టిగా పడిన అల్లాయ్ రిమ్ముకు సన్నటి పగులు రావచ్చు. ఇనుప రిమ్ముకైతే అతుకు గీత వెంట చూడండి. తర్వాత చక్రం తిరగేసి రెండోవైపు బీడుకూ ఇదంతా చేయాలి. ఒకవైపు దొరికిందని ఆపకండి, ఒకవైపు తుప్పు పట్టిన రిమ్ముకు రెండోవైపు కూడా పట్టే ఉంటుంది.

దొరికాక

పిన్ను తప్పయితే కొత్త పిన్ను వేసుకోవడమే. నేల తాకే భాగంలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే టైరు విప్పించి లోపలినుంచి ప్యాచ్ వేయించండి. బయటినుంచి తాడు కుక్కే పంక్చర్ ఇల్లు చేరడానికే. టైరు పక్కభాగంలో రంధ్రం ఉంటే రిపేరు మాట ఎత్తకండి, టైరు మార్చాల్సిందే. బీడు లీకైతే టైరు దించి, రిమ్ము కూర్చునే చోటును మెరిసేదాకా శుభ్రం చేయించి, బీడు సీలరు (ఆ అంచు దగ్గర గాలి పోకుండా రాసే పూత) రాయించి ఎక్కించాలి. ఇనుప రిమ్ముకు వైరు బ్రష్షు, అల్లాయ్‌కి నీటి కాగితం (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం). అల్లాయ్ మీద గ్రైండరు పెట్టనివ్వకండి, పక్కనే నిలబడి చూడండి. పగిలిన రిమ్మును వెల్డింగు చేయించడం నాకు సమ్మతం కాదు, మార్చండి.

వాల్వులోంచి పోసే ద్రవాలు లీకును దాచుతాయే తప్ప తుప్పును ఆపవు, సెన్సార్లను కూడా పాడుచేయవచ్చు. నైట్రోజన్ కొట్టించుకుంటే లీకు ఆగుతుందని కొందరు చెబుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. రంధ్రం రంధ్రంగానే ఉంటుంది కదా!

చక్రం ఎక్కించాక నట్లు ఎదురెదురుగా బిగించండి. వంద కిలోమీటర్లు నడిచాక మరోసారి బిగువు చూసుకోండి. గాలి చీటీలోని అంకె దాకా, మన లెక్కలో 33, పెట్టి, నాలుగో రోజు పొద్దున్న అదే గేజీతో కొలవండి. అంకె 33 దగ్గరే ఉంటే డిక్కీ తెరిచి స్టెప్నీ గాలి కూడా చూడండి. అది ఎప్పుడూ 20కి దిగే ఉంటుంది.