వీ-క్రాస్‌ని లేపాక యాక్సిల్ కోణం సరిచేయడం ఎలా

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌కి ముందు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. ఎత్తు పెంచితే (లిఫ్ట్) బండి పైకి లేస్తుంది గానీ, ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి దానితోపాటే లేస్తుంది, చక్రాలు కిందే ఉండిపోతాయి. మధ్యలో ఉన్న సీవీ యాక్సిల్ (రెండు చివరలా వంగే జాయింట్లున్న షాఫ్ట్) వాలిపోతుంది. టూ-వీల్ డ్రైవ్‌లో నడిపినా ముందు యాక్సిళ్లు చక్రంతో తిరుగుతూనే ఉంటాయి, అరుగుదల ఆగదు.

మొదట బూట్ (జాయింట్‌ని కప్పే మడతల రబ్బరు తొడుగు) పోతుంది. మడతలు ఒకదానికొకటి రాసుకుని చిల్లు పడుతుంది, గ్రీజు చక్రం లోపలి అంచు మీదికి చిమ్ముతుంది, ఆ చిల్లులోంచే మట్టి, నీళ్లు లోపలికి పోతాయి. చక్రం వైపున్న బయటి జాయింట్ స్టీరింగ్ తిప్పడానికి చేసింది, ఎక్కువ కోణాన్ని ఓర్చుకుంటుంది. డిఫరెన్షియల్ వైపున్న లోపలి జాయింట్‌కి ఆ ఓపిక లేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ముందు నుంచి వణుకు వస్తే ముందుగా దాన్నే అనుమానించాలి.

కొలత లేకుండా పానా పట్టుకోవద్దు. చదునైన నేల మీద, చక్రాల మీదే బండి నిలబెట్టి, హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా ఎత్తు రాసుకోండి. డిజిటల్ యాంగిల్ గేజ్‌ని యాక్సిల్ షాఫ్ట్ మీద ఆనించి రెండు వైపులా కోణం తీసుకోండి. లిఫ్ట్‌కి ముందు తీసిన కొలత ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే లెక్క ఇది: రెండు జాయింట్ల మధ్య 400 మి.మీ. ఉందనుకుంటే, 50 మి.మీ. లిఫ్ట్‌కి కోణం సుమారు 7 డిగ్రీలు పెరుగుతుంది.

ఎలా లేపారన్నది ఇంకా ముఖ్యం. గట్టి స్ప్రింగ్ వేసి, షాక్ పాత పొడవే ఉంచితే, నిలబడ్డప్పటి కోణమే మారుతుంది. చక్రం వేలాడే హద్దు మారదు. స్ట్రట్ (షాక్, స్ప్రింగ్ కలిసిన జత) టాప్ మౌంట్ మీద స్పేసర్ అనే దిమ్మ పెడితే ఆ హద్దు కూడా కిందికి జారుతుంది. పైగా స్ట్రట్ కింది ఆర్మ్‌కి మధ్యలో తగులుతుంది కాబట్టి 25 మి.మీ. స్పేసర్‌కి చక్రం దగ్గర దాదాపు రెట్టింపు లిఫ్ట్ వస్తుంది. 50 మి.మీ. లేస్తుందని 50 మి.మీ. స్పేసర్ వేసేవాళ్లు పొరబడేది ఇక్కడే.

ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, రెండు చక్రాలూ వేలాడనిచ్చి, గేర్ న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పండి, స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి చూడండి. టిక్ టిక్ మన్నా, ఒకచోట పట్టేసినా కోణం హద్దు దాటినట్టే. షాఫ్ట్‌ను లోపలికి, బయటికి లాగితే కొంచెమైనా ఆడాలి.

మందు రెండు రకాలు. లిఫ్ట్‌ని 40 మి.మీ.కి తగ్గించడం మొదటిది, చవకైనది, చాలామందికి ఇదే చాలు. రెండోది డిఫ్ డ్రాప్ కిట్, అంటే స్పేసర్లు పెట్టి డిఫరెన్షియల్‌నే కిందికి దించడం. 25 మి.మీ. దించితే పై లెక్కన మూడున్నర డిగ్రీలు తిరిగొస్తాయి, కానీ డిఫరెన్షియల్ కింద సంపాదించిన ఎత్తులో అంత పోతుంది.

డిఫ్ డ్రాప్ వేయాలంటే, బాష్ ప్లేట్ (అడుగున రక్షణగా ఉండే రేకు) విప్పి, డిఫరెన్షియల్ హౌసింగ్ కింద చెక్క పెట్టి జాకీ ఆనించండి. బోల్టులన్నీ ముందు వదులు చేసి, ఒక్కొక్కటే తీసి స్పేసర్ పెట్టాలి. అన్నీ ఒకేసారి తీస్తే హౌసింగ్ పక్కకి ఒరిగి బ్రీదర్ (గాలి పోయే) పైపు, వైరు తెగుతాయి. కొత్త బోల్టు స్పేసర్ మందమంత పొడవు ఎక్కువ ఉండాలి, 10.9 గ్రేడ్ తగ్గకూడదు. థ్రెడ్‌లాక్ వేసి మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించండి. స్పేసర్లు అన్ని మౌంట్లకీ ఒకే మందం ఉండాలి. ముందు మౌంట్లకే పెడితే ముక్కు వాలి, వెనకవైపు పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే చివర) పైకి లేస్తుంది. ఫోర్-వీల్‌లో వేగం పెరిగాక ప్రొపెల్లర్ షాఫ్ట్ కొట్టుకునేది అందుకే.

ఆర్మ్ బుష్ (ఆర్మ్ కీలులోని రబ్బరు) బోల్టులు విప్పి ఉంటే బండి చక్రాల మీద నిలిచాకే చివరి బిగింపు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంట్ తప్పదు, క్యాస్టర్‌తో (స్టీరింగ్ ఇరుసు ముందువెనకల వాలుతో) సహా. 500 కి.మీ. తిరిగాక అన్ని బోల్టులకీ టార్క్ రెంచ్ మరోసారి పెట్టండి, చక్రం లోపలి అంచు మీద గ్రీజు చుక్కలున్నాయేమో టార్చి వేసి చూడండి. చిల్లు పడ్డ బూట్ అప్పటికప్పుడు మారిస్తే జాయింట్ దక్కుతుంది. ఇసుక తిని చప్పుడు మొదలెట్టాక మాత్రం కొత్త గ్రీజు ఎంత కూరినా లాభం లేదు.