కాన్యన్ భూములు, కౌంటీ సేవల కోతలు: ఆరెంజ్ కౌంటీలో మీ మాట రికార్డుకి ఎక్కించే విధానం

దక్షిణ కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ తూర్పు కొండల్లో సిల్వరాడో, మోజెస్కా, ట్రబుకో అనే లోయలున్నాయి, అందరూ కాన్యన్లనే అంటారు. వాటికి సొంత సిటీ అంటూ లేదు. మేయర్ లేడు, కౌన్సిల్ లేదు. అందుకని ఆ కొండవాలులో కొత్త ఇళ్లకి అనుమతివ్వాలా వద్దా అన్నదాంట్లోనూ, కౌంటీ నడిపే క్లినిక్ వేళలు తగ్గించాలా అన్నదాంట్లోనూ ఆఖరి మాట ఒకే ఐదుగురిది: కౌంటీ బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. మీటింగులు శాంటా ఆనాలో, మామూలుగా మంగళవారం ఉదయం. గడప ఒకటే కదా అని రెండిటికీ ఒకేలా వెళ్తే మాత్రం పని జరగదు.

ఎవరు మాట్లాడొచ్చు అంటే ఎవరైనా. 1953 నాటి బ్రౌన్ యాక్ట్ (స్థానిక ప్రభుత్వాల మీటింగులు అందరికీ తెరిచి ఉండాలనే కాలిఫోర్నియా చట్టం) పౌరసత్వం అడగదు, కాబట్టి హెచ్1బి మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు వాళ్లు, ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలు, అందరూ వెళ్లొచ్చు. లోపలికి రావాలంటే పేరు రాయాలని షరతు పెట్టకూడదు. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది: ఇంగ్లీషు రాని వాళ్లు అనువదించే మనిషిని వెంటబెట్టుకుని తెలుగులోనే మాట్లాడొచ్చు, వాళ్లకి కనీసం రెట్టింపు టైమ్ ఇవ్వాలని చట్టంలోనే ఉంది (ఇయర్‌ఫోన్లలో అప్పటికప్పుడు అనువాదం వినిపించే ఏర్పాటు ఉంటే ఈ రెట్టింపు వర్తించదు).

ముందు అజెండా చూడండి. రెగ్యులర్ మీటింగ్‌కి 72 గంటల ముందు పెట్టాలి, అంటే మంగళవారం మీటింగ్‌ది శనివారం ఉదయానికల్లా కనిపించాలి. మీ విషయం ఏ ఐటమ్ నంబరో రాసుకోండి. అజెండాలో లేని విషయం మీదా మాట్లాడొచ్చు గానీ, దాని మీద ఆ రోజు బోర్డు ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, వింటారంతే. మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు, రద్దీ ఉంటే ఇంకా తక్కువ. అందుకే మాట్లాడినా మాట్లాడకపోయినా క్లర్క్ ఆఫ్ ది బోర్డ్‌కి (బోర్డు రికార్డులు చూసే ఆఫీసు) ఈమెయిల్ కూడా పంపండి, సబ్జెక్టులో ఐటమ్ నంబరు వేసి.

ఇక భూమి సంగతి. ఇందులో బోర్డు మీటింగ్ దాకా ఆగితే సగం బండి వెళ్లిపోయినట్టే. పెద్ద ప్రాజెక్టు వస్తే ముందు పర్యావరణ నివేదిక ముసాయిదా బయటపెడతారు, రాష్ట్ర క్లియరింగ్‌హౌస్‌కి (ఇలాంటి నివేదికలు చేరే రాష్ట్ర ఆఫీసు) వెళ్లే ముసాయిదా మీద మామూలుగా 45 రోజులు అభిప్రాయాలు తీసుకుంటారు. నోటీసులో ప్లానర్ (ఆ ప్రాజెక్టు చూసే కౌంటీ ఉద్యోగి) పేరు, ఈమెయిల్, ఆఖరి తేదీ ఉంటాయి. ఆ తేదీలోపు మీరు రాసిన పర్యావరణ అభ్యంతరాలకి తుది నివేదికలో లిఖితపూర్వకంగా జవాబివ్వాల్సిన బాధ్యత కౌంటీది. మన ఊళ్లలో కలెక్టర్ ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో మైకు దొరకడమే గొప్ప, ఇక్కడ మాత్రం కాగితానికే బలం. రేపు ఎవరైనా కోర్టుకెళ్లినా, హియరింగ్ ముగిసేలోపు ఎవరో ఒకరు లేవనెత్తిన అంశాల మీదే వాదన నడుస్తుంది. 2012లో ట్రబుకో దగ్గర 65 ఇళ్ల శాడిల్ క్రెస్ట్ ప్రాజెక్టుకి బోర్డు ఓకే చెప్తే ఆ గొడవ కోర్టు దాకా వెళ్లింది.

ఏం రాయాలి? "ప్రకృతిని కాపాడండి" అని రాస్తే "మీ అభిప్రాయం గమనించాం" అని ఒక లైను వస్తుంది, అంతే. పేజీ నంబరు చెప్పి అడగండి. మంట వస్తే బయటపడటానికి ఎన్ని రోడ్లున్నాయి, కొత్త ఇళ్ల కార్లు కలిస్తే ఖాళీ చేయడానికి ఎంతసేపు పడుతుంది, ఓక్ చెట్లు ఎన్ని పోతాయి? 2020 డిసెంబరులో బాండ్ ఫైర్, 2024 సెప్టెంబరులో ఎయిర్‌పోర్ట్ ఫైర్ ఈ కొండల్లోనే మొదలయ్యాయి కాబట్టి ఆ ప్రశ్నని ఎవరూ తేలిగ్గా తోసేయలేరు. ఒకే లెటర్ వందమంది కాపీ చేసి పంపడం వల్ల పెద్దగా లాభం లేదు, వందకీ కలిపి ఒకటే జవాబు రాసేస్తారు.

సేవల కోతలకి లెక్క వేరు. కౌంటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, బడ్జెట్ హియరింగులు మామూలుగా జూన్‌లో ఉంటాయి, అప్పటికి అంకెలు దాదాపు గట్టిపడిపోతాయి. కాబట్టి ఆ ఐదుగురిలో మీ ప్రాంతం తరఫున ఉన్న సూపర్‌వైజర్ ఆఫీసుకి వసంతకాలంలోనే రాయండి. అడిగేముందు ఎవరి చేతిలో ఏముందో చూసుకోండి: మెడి-కాల్ (తక్కువ ఆదాయం వాళ్ల ఆరోగ్య బీమా) ఎవరికి ఇవ్వాలి, కాల్‌ఫ్రెష్ (తిండి ఖర్చుకి సాయం) ఎంత ఇవ్వాలి అన్నవి రాష్ట్ర, ఫెడరల్ ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి, వాటి గురించి కౌంటీని తిట్టి లాభం లేదు. దరఖాస్తులు చూసే సిబ్బంది ఎంతమంది, ఆఫీసు ఎన్ని గంటలు తెరుస్తారు, కౌంటీ డబ్బుతో నడిచే జనరల్ రిలీఫ్ (ఏ ఆధారమూ లేని పేదలకి ఇచ్చే నగదు సాయం) ఎంత అన్నవి మాత్రం వీళ్ల చేతిలోవే.

కౌంటీ వైద్య సేవ మూసేస్తున్నా తగ్గిస్తున్నా ఇంకో ఆయుధం ఉంది, దాన్ని బీలెన్సన్ హియరింగ్ అంటారు. నిర్ణయానికి ముందే బహిరంగ విచారణ పెట్టాలి, దానికి కనీసం 14 రోజుల ముందు కౌంటీ ఆరోగ్య కేంద్రాల గుమ్మాల దగ్గర నోటీసు అంటించాలి, అందులో ఎంత ఆదా అవుతుందో, ఎంతమంది మీద ప్రభావం పడుతుందో కూడా ఉండాలి. ఆ కాగితాన్ని ఫోటో తీసుకోండి, మాట్లాడేటప్పుడు అందులోని అంకెలే పట్టుకుని అడగండి.

చివరగా నోటీసుల విషయం. భూమి హియరింగుల నోటీసు కనీసం 10 రోజుల ముందు, 300 అడుగుల లోపు ఆస్తి యజమానులకి పోస్టులో వెళ్తుంది. అద్దెకుంటున్నవాళ్లకి, కాస్త దూరంలో ఉన్నవాళ్లకి రాకపోవచ్చు. నోటీసులు పంపమని రాతపూర్వకంగా అడిగితే మీకూ పంపాలి. ఏటా ఫీజు అడగొచ్చు, రిక్వెస్టు రెన్యూ చేయమనొచ్చు.