బ్లాక్ డెత్, అంటే 1347లో యూరప్‌కి వచ్చిన ప్లేగు, యూరప్‌ని ఎలా మార్చిందో తెలుసుకోవాలంటే ఎలా చదవాలి?

ముందుగా, 1347తో మొదలుపెట్టకండి. ఒక తరం వెనక్కి, 1315కి వెళ్లండి. ఆ ఏడాది ఉత్తర యూరప్‌లో వానలు తెరిపి ఇవ్వలేదు, పంట పొలంలోనే కుళ్లిపోయింది, ఎండ లేక ఉప్పు సరిగా తయారుకాలేదు, మరుసటి ఏడాది కూడా అదే పరిస్థితి రావడంతో జనం విత్తనాల గింజలు సైతం తినేశారు. ఆ తర్వాత పశువులకు రోగమొచ్చి దున్నే ఎద్దులూ పోయాయి. అప్పటికి భూమి తక్కువ, మనుషులు ఎక్కువ, అందుకే కూలీ చవక. ప్లేగు తలకిందులు చేసింది దీన్నే.

1347లో సిసిలీలోని మెస్సీనా రేవుకు వచ్చిన ప్లేగు, నాలుగైదేళ్లలో యూరప్‌ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుపోయిందని అంచనా. పొలాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక్కడి నుంచి చట్టాలు చదవండి, కానీ తిరగేసి చదవండి. ప్లేగుకు ముందున్న కూలీ కంటే ఎక్కువ అడగకూడదు, ఇవ్వకూడదు అని ఇంగ్లండ్‌లో 1351లో చట్టం చేశారంటే, అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ చాలామందే ఉన్నారన్నమాట. ఎవరి అంతస్తుకు తగ్గ బట్టలు వాళ్లు కట్టుకోవాలన్న 1363 చట్టం కూడా అంతే, పేదవాళ్ల చేతిలో డబ్బు ఆడుతోందని అదే చెబుతోంది. నాకు ఇంతకంటే మంచి ఆధారం కనిపించలేదు.

వీలైతే ఇంగ్లండ్ భూస్వాముల కోర్టు రికార్డులు చూడండి. రైతు చనిపోతే అతని మేలైన పశువును దొర తీసుకునే ఆనవాయితీ ఉండేది, అందుకే 1349లో చనిపోయిన రైతుల పేర్లు వరసగా వస్తాయి, కొన్నిచోట్ల భూమి తీసుకోవడానికి వారసులే లేరు. ఆ పేజీలు గబగబా తిప్పేయకండి.

"ప్లేగు వల్లే వెట్టి పోయింది" అనే ఒక్క ముక్క జవాబును మాత్రం నమ్మొద్దు. ఇంగ్లండ్‌లో వెట్టి మెల్లగా సడలింది, జర్మనీ మీదుగా పారే ఎల్బే నదికి తూర్పున తర్వాతి శతాబ్దాల్లో దొరలు రైతుల్ని ఇంకా గట్టిగా కట్టేశారు. కూలీల కొరత రెండుచోట్లా ఉంది కాబట్టి, ఎక్కడ ఎవరి బలం ఎంతో కూడా చూడాలి. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో 1349 ఫిబ్రవరిలో, ప్లేగుకు కారణం వాళ్లేనని నిందించి వందలమంది యూదుల్ని కాల్చి చంపారు, అప్పటికి ఆ ఊరికి ప్లేగే రాలేదు. దీన్ని వదిలేసి ఆర్థిక చరిత్ర ఒక్కటే చదివితే సగమే చదివినట్టు.

నోట్సులో 1350 దగ్గర గీత గీసెయ్యకండి. 1361లో ప్లేగు మళ్లీ వచ్చింది, ఈసారి పిల్లలు ఎక్కువగా పోయారు, ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. ఇంగ్లండ్ జనాభా వందేళ్లు దాటినా కోలుకోలేదు.